ఎట్టుంది సినిమా?

నరసరావుపేటలో ఏ సినిమా హాలు ముందైనా ఫస్ట్ షో వదిలే వేళకు కాసేపు నిలబడి చూడండి. లోపల్నుంచి వచ్చేవాళ్లూ లోపలికి వెళ్లేవాళ్లూ గేటు దగ్గర ఒకరినొకరు రాసుకుంటూ పోతారు. సెకండ్ షో టికెట్ చేతిలో పట్టుకున్న మనిషి ఊరుకోడు. డబ్బులు కట్టేశాడు, ఎవరేం చెప్పినా అవి వెనక్కి రావు. అయినా "ఎట్టుందన్నా సినిమా?" అని అడుగుతాడు.

ఆ అన్న జేబులో బండి తాళం తడుముకుంటూ, "ఫస్టాఫ్ బానే ఉంది. తర్వాత కాస్త సాగదీశాడు. పర్లేదు, పో" అంటాడు.

కోట్లు పోసి, ఏళ్ల తరబడి తీసిన సినిమాకు ఆ గేటు దగ్గర దక్కే తీర్పు అది. తేలికమాటే గానీ, నాకెందుకో అందులో పెద్దమనిషి తరహా కనిపిస్తుంది. నచ్చింది చెప్పాడు, నచ్చనిదీ చెప్పాడు, ఎదుటివాడి ముచ్చట మాత్రం చెడగొట్టలేదు. విలన్ ఎవరో నోరు జారకుండా దాటేశాడు కూడా.

మొదటిరోజు మొదటి ఆట చూడకపోతే ముద్ద దిగనివాళ్ల సంగతి వేరు. ఇక్కడ చెప్పుకుంటున్నది అప్పుడప్పుడూ సినిమాకు వెళ్లేవాళ్ల గురించి. చుట్టాలొచ్చారని వెళ్తారు. పత్తి డబ్బులు చేతికొచ్చాయని వెళ్తారు. ఆసుపత్రి పనిమీద టౌనుకొచ్చి, డాక్టరు సాయంత్రం కనబడమంటే, మధ్యలో ఏం చేయాలో తోచక మాట్నీకి వెళ్తారు.

రెంటచింతల వైపు వాళ్లనైతే కారణం అడగనే అక్కర్లేదు. వేసవి ముదిరితే ఎండల వార్తల్లో ముందు కనిపించే ఊళ్లలో అదొకటి. మే నెలలో మాచర్ల వెళ్లి సినిమా చూసొచ్చిన పెద్దాయన్ను ఎట్టుందని అడిగితే, "హాలు చల్లగా ఉందిరా" అన్నాడనుకోండి, సినిమాను తీసిపారేశాడని అనుకోకూడదు. ఆయన వెళ్లిన పని అయింది మరి.

ఇలాంటివాళ్ల అభిప్రాయాలు వింటూ కూర్చుంటే మంచి కాలక్షేపం. సినిమా గురించే మొదలుపెడతారు. రెండో మాటకల్లా వాళ్లింటి కబుర్లలోకి వచ్చేస్తారు.

2025 జనవరిలో 'సంక్రాంతికి వస్తున్నాం' వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆటోలు మాట్లాడుకుని మరీ వెళ్లారు. అందులో కిడ్నాపు కథ ఒకటుంది. ఎవరు ఎవర్ని ఎందుకు ఎత్తుకుపోయారని ఇప్పుడడిగితే చాలామంది తల గోక్కుంటారు. వెంకటేశ్ పెళ్లానికీ పాత ప్రేయసికీ మధ్య నలిగిపోవడం మాత్రం అందరికీ గుర్తుంది. బుల్లిరాజు మరీ గుర్తు. ఆ పిల్లాడి నోటి దురుసుకు హాలు హాలంతా పడీపడీ నవ్వింది. ఇంటికొచ్చాక సొంత మనవడు అదే ధోరణిలో నోరు విప్పితే నాయనమ్మలకు నవ్వు రాలేదు. "సినిమా బాగుంది గానీ, పిల్లల్ని తీసుకెళ్లకుండా ఉండాల్సింది" అని వాళ్ల తీర్పు కాస్త సవరించుకున్నారు.

అదే ఏడాది మార్చిలో 'కోర్ట్' వచ్చింది. మంగపతి వేషం వేసిన శివాజీ నరసరావుపేట వైపు మనిషే కాబట్టి, మనోడన్న అభిమానంతో వెళ్లినవాళ్లూ ఉన్నారు. వెళ్లాక ఆ అభిమానం ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లకు తెలియలేదు. పరువు పరువంటూ ఆయన ఇల్లెగిరిపోయేలా అరుస్తుంటే మగవాళ్లలో కొందరు నవ్వారు. ఆడవాళ్లు అంతగా నవ్వలేదు. బయటికొచ్చాక ఒకామె పక్కావిడతో, "అచ్చం మా పెదబావగారు కూర్చున్నట్టే ఉంది వదినా" అంది. నటుడికి అంతకన్నా మెప్పేముంటుంది? ఆ పెదబావగారి గురించి కూడా ఇక వేరే చెప్పక్కర్లేదు.

సెప్టెంబరులో వచ్చిన 'లిటిల్ హార్ట్స్' ఎంసెట్‌లో ర్యాంకు రాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పడ్డ కుర్రాడి కథ. కుర్రకారు విరగబడి నవ్వారు. మిరప డబ్బంతా కోచింగు ఫీజులకు పోసిన తండ్రులు మాత్రం తెరమీద నాన్న వైపే చూస్తూ కూర్చున్నారు. పక్కపక్క సీట్లలో కూర్చుని తండ్రీ కొడుకూ చెరొక సినిమా చూసొచ్చారన్నమాట.

2023లో వచ్చిన 'బలగం' సంగతి ఇంకో రకం. తెలంగాణ పల్లెల్లో వీధిలో తెర కట్టి ఊరంతా కలిసి చూశారు. పల్నాడులో టీవీలోనో ఫోన్లోనో చూసినవాళ్లే ఎక్కువ. యాస కొంత అందలేదన్నారు. అయినా అందులోలా పిండం పెట్టి కాకి కోసం కాచుక్కూచోవడం ఎవరికి తెలియదు గనక! తోబుట్టువులతో మాటల్లేనివాళ్లకు యాస అసలే అడ్డం రాలేదు.

ఇక బ్రహ్మానందం విషయంలో పల్నాడు వాళ్ల అభిప్రాయం నిష్పక్షపాతంగా ఉండదు. ఉండాలనుకోవడమే అన్యాయం. సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెంలో పుట్టినాయన. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే లెక్చరర్. 1987లో జంధ్యాల 'అహ నా పెళ్లంట'లో ఆయన్ను అరగుండును చేశారు. కోట శ్రీనివాసరావు పిసినారితనం పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడ్డ ఆ అరగుండు, ఇక్కడి ప్రతి ఇంటికీ చుట్టమైపోయాడు. అప్పట్నుంచి ఆయన తెరమీద కనబడితే చాలు, నోరు తెరవకముందే జనం నవ్వేస్తారు.

ఆ అలవాటుతోనే 2023 ఉగాదికి వచ్చిన 'రంగమార్తాండ'కు వెళ్లారు. ఆయన కనిపించగానే హాల్లో ఒకటి రెండు చోట్ల నవ్వు మొదలైంది కూడా. కాసేపటికి ఆగిపోయింది. ఆసుపత్రి మంచం మీద ఆయనా ప్రకాశ్‌రాజూ ఎదురెదురుగా ఉన్న ఆ సన్నివేశంలో ఎవరూ పాప్‌కార్న్ పొట్లం కూడా చప్పుడు చేయలేదు. రాసేవాళ్లందరూ బ్రహ్మానందంలో ఇంత నటుడున్నాడా అని మెచ్చుకుంటూ రాశారు. చూసొచ్చిన ఒక పెద్దావిడ మాత్రం, "ఏందమ్మా, మనోణ్ని అట్టా ఏడిపించారు?" అని దర్శకుడు కృష్ణవంశీ మీద అలిగింది. ఇన్నేళ్లు తనను నవ్వించిన మనిషి కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆమె చూడలేకపోయింది. సినిమా బాగాలేదని ఆమె ఎవరికి చెప్పినా, వాళ్లు మర్నాడే వెళ్లి చూసొచ్చారు.

ఒకప్పుడు ఈ కబుర్లకు గిరాకీ ఇంకా ఎక్కువ. గుంటూరులో ఆడుతున్న సినిమా నరసరావుపేట వచ్చి, అక్కణ్నుంచి మాచర్ల, గురజాల చేరేసరికి చాలా రోజులు పట్టేది. ప్రింట్లు తక్కువ. రీళ్లపెట్టె ఒక ఊళ్లో పని ముగించుకుని ఇంకో ఊరికి బయల్దేరేది. పెట్టెకన్నా కబురు ముందొచ్చేది. గుంటూరు యార్డుకు మిరపకాయ తోలుకెళ్లిన రైతు రాత్రికి అక్కడే ఆగి, సెకండ్ షో చూసి, తెల్లారి ఖాళీ లారీలో ఊరు చేరేవాడు. కాయ ఎంత పలికిందని అడిగిన నోటితోనే సినిమా ఎట్టుందనీ అడిగేవాళ్లు. ధర బాగా పలికిన రోజున సినిమా కూడా బాగానే ఉండేది.

ఇప్పుడు అమెరికాలో ముందురోజే ఆట పడుతుంది. సాగర్ కాలవ గట్టు మీద కూర్చున్న కుర్రాడికి డల్లాస్‌లో ఇంటర్వెల్ ఎలా ఉందో అప్పటికప్పుడు తెలిసిపోతుంది. సౌకర్యమే, కాదనలేం. కాకపోతే అభిప్రాయం ముందే జేబులో వేసుకుని వెళ్తే, హాల్లో కూర్చుని సినిమా చూస్తామా, జేబులో ఉన్నదాన్ని సరిచూసుకుంటామా అని నాకు ఒక్కోసారి సందేహం.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది మిరపచేలో ఆడే సినిమా. సంక్రాంతి దాటాక పల్నాడంతా ఎర్రబడుతుంది. ఆదోని, కోసిగి వైపు నుంచి కూలీలు పిల్లాజెల్లాతో వచ్చి గుడిసెలు వేసుకుంటారు. ఊళ్లో ఆడవాళ్లూ కోతకు దిగుతారు. వంచిన నడుం ఎత్తకుండా సాలు వెంట సాలు కోసుకుంటూ పోవాలి. కాయ ఘాటుకు చేతులు మండుతుంటాయి. అలాంటప్పుడు ముందురాత్రి సినిమా చూసొచ్చినామె ముఠాలో దొరికిందంటే పండగే.

"చెప్పవే, తర్వాతేమైంది?" అని అందరూ ఆమె పక్క సాళ్లకు జరుగుతారు. రెండున్నర గంటల సినిమా పొద్దున కోతతో మొదలైతే అన్నాల వేళకు ఇంటర్వెల్ పడుతుంది. ఫైట్లన్నీ "కొట్టుకున్నార్లే" అన్న ఒక్క ముక్కలో తేలిపోతాయి. హీరోయిన్ కట్టిన చీరలు, అత్తగారు అన్న మాటలు, ఆ ఇంటి వంటగది మాత్రం పూసగుచ్చినట్టు వస్తాయి. దర్శకుడు అరనిమిషంలో దాటేసిన సీను ఇక్కడ పావుగంట నడుస్తుంది. మధ్యలో, "ఆ పిల్ల వాళ్ల నాన్నతో చెప్పొచ్చుగా?" అని ఒకామె అడ్డొస్తుంది. "చెబితే ఊరుకుంటాడా? మీ నాన్న ఊరుకున్నాడా?" అని ఇంకొకామె. ఇక సినిమా కాసేపు ఆగుతుంది. ఆ అడ్డొచ్చినామె కథ మొదలవుతుంది.

ముగింపు నచ్చకపోతే మారిపోతుంది కూడా. సినిమాలో చచ్చిపోయిన తల్లి మిరపచేలో బతికి, మనవణ్ని ఎత్తుకుంటుంది. పొద్దుగూకేసరికి వాళ్లకు తెలిసిన సినిమా ఏమిటో తీసినవాళ్లకు తెలియదు. అలా విన్న ఒకమ్మాయి కొన్నాళ్లకు అదే సినిమా టీవీలో చూసి, మా వదిన చెప్పినంత బాగా లేదని పెదవి విరిచింది.

ఈ చెప్పే విద్య ఇక్కడ ఇవాళ్టిది కాదు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడతారు. కథ పన్నెండో శతాబ్దం నాటిది. రాయబారం వెళ్లిన అలరాజు ఏమవుతాడో, బాలచంద్రుడు ఏమవుతాడో నాగులేటి ఒడ్డున పెరిగిన ప్రతి పిల్లాడికీ తెలుసు. తెలిసే వస్తారు. పాత సినిమాలు మళ్లీ విడుదలైతే జనం ఎగబడుతున్నారని ఈ మధ్య చాలామంది ఆశ్చర్యపోతున్నారు. కారెంపూడి వాళ్లకు అందులో వింతేమీ కనిపించదు.

ఆ మాటకొస్తే శ్రీనాథుడు కూడా ఇక్కడికి వచ్చిపోయిన మనిషే. జొన్నకూడు తినలేక, రాళ్లూ ఎండా పడలేక పల్నాటి మీద విసుక్కున్నట్టు ఆయన పేరిట చాటుపద్యాలున్నాయి. ఇక్కడివాళ్లు ఏనాడో మన్నించేశారు. కూడు నచ్చకపోయినా కథ నచ్చింది కదా అంటారు. పల్నాటి వీరచరిత్రను ద్విపదలో పెట్టింది ఆయనేనని చెప్పుకుంటారు.

తమ ఊరే తెరకెక్కినప్పుడు మాత్రం పల్నాడు ప్రేక్షకుడు కొంచెం గట్టిగా కూర్చుంటాడు. 2022 ఆగస్టులో 'మాచర్ల నియోజకవర్గం' వచ్చింది. మాచర్ల వాళ్లకు మాచర్ల అంటే చెన్నకేశవస్వామి గుడి, చంద్రవంక వాగు, దగ్గర్లో ఎత్తిపోతల. సినిమావాళ్లకు ఈ సీమ పేరు వినగానే ముందు కక్షలు గుర్తొస్తాయి. "మనూరి పేరు బాగా పలికారు" అని ఒకాయన ముక్తసరిగా చెప్పి టీ తాగాడు.

'పల్నాటి యుద్ధం' దగ్గర అంత ముక్తసరి కుదరదు. ఆ కథను రెండుసార్లు సినిమాగా తీశారు. 1947 నాటి దాన్ని గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెడితే, ఆయన కన్నుమూశాక ఎల్వీ ప్రసాద్ పూర్తిచేశారు. కన్నాంబ నాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కుర్ర వయసు అక్కినేని బాలచంద్రుడు. 1966లో మళ్లీ తీసినప్పుడు భానుమతి నాగమ్మ, ఎన్టీ రామారావు బ్రహ్మనాయుడు. గురజాల నాగమ్మ మంత్రాంగం నడిపిన ఊరు, మాచర్ల బ్రహ్మనాయుడు నిలబెట్టిన ఊరు. కాబట్టి సినిమా ఎట్టుందన్నది ఏ ఊళ్లో అడుగుతున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. నాగమ్మను మరీ చెడ్డదాన్ని చేశారని గురజాల వైపు వాళ్లు గొణుగుతారు. కోడిపందెంలో మోసం ఎవరిది మరి అని మాచర్ల వైపు వాళ్లు అడుగుతారు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ పందెం మాత్రం ఇంకా తేలలేదు.

కన్నాంబా, భానుమతా అన్న పేచీ కూడా పెద్దవాళ్ల మధ్య అలాగే ఉంది. ఆ పొగరు భానుమతికే చెల్లిందని ఒకాయన. కన్నాంబ గొంతు ముందు ఎవరు నిలుస్తారని ఇంకొకాయన. అరుగు చివర కూర్చున్న మూడో ఆయన రెండు సినిమాలూ చూడలేదు. అయినా ఆయన మాటే అందరికన్నా గట్టిగా వినబడింది. "మా అమ్మమ్మ చెప్పిన నాగమ్మ ముందు ఇద్దరూ చాలర్లే" అని తేల్చేశాడు.