వనితాలోకము: తెరవెనుక ఫిడేలు



మన గాత్రకచేరీలలో ఫిడేలు గాయకుని వెన్నంటి నడచుచు, నడుమ నడుమ తానొక్కటియు బలుకును. వాయించువారి పేరు సభకెల్ల దెలియును. పాశ్చాత్యుల ఆర్కెస్ట్రాలో నీ వాద్యము చేపట్టినవారి బ్రతుకు వేఱు. పెద్ద బృందములలో సుమారు 30 మంది ఫిడేలు వాయించువారు రెండు తెగలుగా గూర్చుందురు. ఇద్దఱకొక్క స్వరపత్రము. పుట ముగిసినపుడు సభవైపున నున్నవారు వాయించుచునే యుందురు. ప్రక్కవారు క్షణము వాద్యమాపి పుట త్రిప్పుదురు. ఒక తెగలోని కమానులన్నియు నొక్కమాఱు పైకి, నొక్కమాఱు క్రిందికి గదలవలెను. ఏ పట్టున నెటు లాగవలెనో ముందుగా నిర్ణయించువారు మొదటి స్థానమున గూర్చుండు నాయకులు. తన నాదము పొరుగువారి నాదములో గలిసిపోవుటయే యిచట నేర్పు. విడిగా వినబడినచో నది తప్పు. చక్కగా జరిగినపు డెవరి కంటను బడక, తప్పిననాడే కనబడు పని యెట్టిదో మన మింట నెఱుగనిది కాదు.

ఇట్లు కలిసిపోవు విద్యయందు స్త్రీ యెవరో పురుషు డెవరో చెవి కేమి తెలియును? అయినను బృందములవారు చిరకాలము స్త్రీలకు దలుపు మూసిరి. లండనులో హెన్రీ వుడ్ గారు తమ బృందమున 1913లో ఆర్గురు స్త్రీలను జేర్చుకొనుట నాడు వింతయయ్యెను. 1882లో బుట్టిన బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో దొలి స్త్రీగా మడెలీన్ కరుజ్జో యను ఫిడేలు విదుషి చేరుటకు నూఱేండ్లు పట్టినది. వియన్నా ఫిల్హార్మోనిక్‌వారు 1997 వఱకును స్త్రీలకు సభ్యత్వ మీయలేదు. అంతకుముందే రెండు దశాబ్దములకు బైగా వారితో హార్పు వాయించిన అన్నా లెల్కెస్‌కు ఆ యేడే యా గౌరవము దక్కెను.

అమెరికాలో బోస్టన్ సింఫనీవారు 1952లో నొక యుపాయము చేసిరి. పరీక్షకు వచ్చినవారికిని బరీక్షకులకును నడుమ దెర గట్టిరి. పిమ్మట నీ పద్ధతి యితర బృందములకును బ్రాకెను. పేరు చెప్పరు, అంకె మాత్రమే పిలుతురు. చెప్పుల చప్పుడు గుట్టు బయటబెట్టునని కొన్నిచోట్ల దివాచీ పఱతురు. స్త్రీల సంఖ్య పెరుగుటకు దెర యొక్కటియే కారణమని మేమనము. చదువును, గాలమును దోడ్పడినవి. కాని చూపునకు గల దురభిప్రాయము చెవికి లేదని యది తేటపఱచినది.

నేడు స్త్రీలు నాయకస్థానమునను గూర్చున్నారు. వియన్నాలో 2011లో అల్బెనా దనైలోవా, బెర్లిన్‌లో 2023లో వినేటా సరైకా ఆ పదవి నందిన తొలి వనితలు.

తల్లులారా, మా విన్నప మొక్కటియే. మీ యింట బిడ్డ యే విద్య నభ్యసించినను, ఆడుబిడ్డయా మగబిడ్డయా యని చూడకముందు, కన్నులు మూసి యొక్క క్షణము వినుడు. అన్ని యిండ్లలో దెర గట్టనక్కఱలేదు. తెర లేకయే న్యాయముగా విను చెవులుండిన జాలును.