కుర్చీ ఇచ్చినోడు యజమాని కాదు (వాడ ముచ్చట్లు – 17)



పోయిన ఆదివారం సాయంత్రం బాన్సువాడ అంబేద్కర్ చౌరస్తాల చాయ్ తాగుతుంటే డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, కర్ణుడు మనోడేనా?"

'కల్కి 2898 ఏడీ' మళ్లా చూసిండట. 2024 జూన్ 27న వచ్చిన ఆ సినిమా చివర్ల, ప్రభాస్ వేసిన భైరవనే కర్ణుడని తేలంగనే టాకీసుల మన పిల్లలు గూడ ఈలలు వేసిన్రు. ఎందుకు వేసిన్రో నాకు తెల్సు. నిండు సభల కులం అడిగి తలొంచేటట్టు చేసిన మనిషి కర్ణుడు. ఆ సభ మనకు కొత్త కాదు.

తమ్మునికి అప్పుడు సగం జవాబే చెప్పిన. మిగతా సగం ఇక్కడ రాస్తున్న. దానికి ముందు ఇంకో సైన్స్ ఫిక్షన్ సినిమాల పిల్లగాని గురించి చెప్పాలె.

'స్టార్ వార్స్' డార్త్ వేడర్ బొమ్మ మీరు చూసే ఉంటరు. నల్ల ముసుగు, బరువైన ఊపిరి. వాడు పుట్టంగనే విలన్ కాదు. అసలు పేరు అనకిన్ స్కైవాకర్. 1999ల వచ్చిన సినిమాల తొమ్మిదేండ్ల బానిస పిల్లగాడు. తల్లి ష్మీ గూడ బానిసే. జెడాయ్ అనే యోధుల సంఘపాయన ఒకరు పందెంల గెలిచి పిల్లగాన్ని విడిపిస్తడు. తల్లి అక్కడనే ఉండిపోతది. లోకాలన్నిట్ల న్యాయం కాపాడే సంఘానికి ఒక బానిస తల్లిని విడిపియ్యడానికి పదేండ్లల్ల తీరిక దొరకలే. ఆమెను కొని విడిపించింది ఒక మామూలు రైతు. 2002 సినిమాల ఆ తల్లి కొడుకు చేతులల్లనే చచ్చిపోతది. ఆ కోపంతోని వాడు ఆమెను ఎత్తుకపోయినోళ్ల గుడారాల మీద పడి ఆడోళ్లను, పిల్లలను గూడ నరికేస్తడు.

2005ల వచ్చిన సినిమాల ఇంకో సీను ఉన్నది. అనకిన్‌కు కౌన్సిల్ల కుర్చీ ఇస్తరు, 'మాస్టర్' హోదా మాత్రం ఇయ్యరు. ఇది మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. రిజర్వుడు సర్పంచ్ కుర్చీల ఎవరు కూసుంటరో, సంతకం పెట్టి గడప బయట ఎవరు నిలబడ్తరో చూస్తనే ఉన్నం.

సరిగ్గ అటువంటప్పుడే ఒకడు వచ్చి భుజం మీద చెయ్యేస్తడు. అనకిన్‌కు పాల్పటైన్ వేసిండు. కర్ణునికి దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చిండు. కానుక ఇచ్చిన రోజు ధర చెప్పలే. తర్వాత వసూలు చేసిండు. కర్ణుడు నిండు సభల ద్రౌపదిని నోటికొచ్చినట్టు అన్నడు. అనకిన్ జెడాయ్ గుడిల చిన్న పిల్లలను చంపిండు. బానిసగ పుట్టినోడు ఒక యజమాని దగ్గర్నుంచి తప్పించుకొని, ఇంకొకని ముంగట మోకాళ్ల మీద కూసొని 'మాస్టర్' అన్నడు. ఈ కథల నాకు అన్నిటికన్న బాధయిన సీను అదే.

జెడాయ్ పెద్దలు దీనికి పెట్టిన పేర్లు భయం, మమకారం. బానిస తల్లి కోసం ఏడిస్తే అది లోపమా? నేనొప్పుకోను. కని అవమానపడ్డోడు ఏం చేసినా చెల్లుతదంటే అదీ ఒప్పుకోను. అవమానం కారణం చెప్తది, చేసిన పాపాన్ని మాఫీ చెయ్యది. ఆ పిల్లలు వానికేం చేసిన్రు?

ఇది సినిమా ముచ్చటే అయితే నేను రాద్దునా? నాతోని కలిసి బాబాసాహెబ్ విగ్రహానికి చందాలు ఎత్తిన ఒక తమ్ముడు ఉండె. వాళ్ల ఊరి పండుగల డప్పు కొట్టనన్నందుకు నలుగుర్ల తిట్లు తిన్నడు. సంఘపోళ్లం ఏం చేసినం? మీటింగు పెట్టినం, తీర్మానం రాసినం. వాని ఇంటికి మాత్రం పోలే. ఒక నాయకుడు పోయిండు. కండువా కప్పిండు, పక్కన కుర్చీ ఏసిండు. రెండేండ్లకు మన ఆడోళ్లు నాట్ల కూలి బాకీ అడగడానికి ఆ నాయకుని ఇంటి ముంగట కూసుంటే, బూతులు తిట్టి లేపింది ఆ తమ్ముడే. కూసున్నోళ్లల్ల వాని మేనత్త గూడ ఉన్నది.

అప్పటి సంది వాన్ని ద్రోహి అంటున్నం. నేనూ అన్న. కని ఆ కథల మనం ఎవరం? కుర్చీ మీద కూసొని, తల్లిని మర్చిపోయిన జెడాయ్ పెద్దలమే గదా.

బడిల గోనెపట్టా మీద విడిగ కూసున్న ఒక పిల్లగాడు దేశానికి మొదటి న్యాయ శాఖ మంత్రి అయిండు. హిందూ కోడ్ బిల్లును అటకెక్కిచ్చినప్పుడు 1951ల ఆ మంత్రి కుర్చీని వదిలేసి బయటికొచ్చిండు. కుర్చీ ఇచ్చిన్రు గదా అని నోరు మూసుకోలే. అంతకు ముందే, 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభల మాట్లాడుకుంట, ఐర్లాండ్ నాయకుడు ఓకానెల్ మాటను గుర్తు చేసిండు: కృతజ్ఞత మంచిదే, కని దానికి హద్దున్నది, ఆత్మగౌరవాన్ని తాకట్టు పెట్టి చూపేది కృతజ్ఞత కాదని దాని సారం. బాబాసాహెబ్‌కు అవమానం తక్కువైందా, కోపం తక్కువైందా? ఆ కోపాన్ని ఆయన ఎవరికీ కిరాయికి ఇయ్యలే. చదువు చేసిండు, చట్టం చేసిండు, ఉద్యమం చేసిండు.

ఇంకొక్క మాట. 1983 సినిమాల డార్త్ వేడర్ ఆఖరికి తన యజమానిని ఎత్తి పడేసి చచ్చిపోతడు. ఎందుకంటే కొడుకు లూక్ వాన్ని వెతుక్కుంట పోయిండు. వాని పని అయిపోయిందని పెద్దలందరు తేల్చినంక గూడ పోయిండు.

తమ్మీ, కర్ణుడు మనోడేనా అని అడిగినవు గదా. వాని అవమానం మనదే. వాని అప్పు మాత్రం మనది కాదు.

వచ్చే ఆదివారం నేను ఆ తమ్ముని ఇంటికి పోతున్న. ముందు మేనత్తను కలుస్త, ఆమె సరే అంటేనే వాని గడప తొక్కుత. తోడు వచ్చేటోళ్లు పొద్దుగాల చౌరస్తాకు రాండ్రి.

జై భీమ్.