గరుడపక్షి ఛాయాచిత్రము



పోయిన నెల పిల్లల ఛాయాచిత్రములను గూర్చి వ్రాసితిని. అది చదివి, ఎగురుచున్న పక్షిని తీయు విధ మెట్లని యొక సోదరి యడిగినారు.

మాది కోనసీమ. కొబ్బరితోటల మీదుగా గరుడపక్షులు నిత్యము తిరుగుచుండును. తలయు ఱొమ్మును తెలుపు; తక్కిన దేహము ఇటుక చాయ. తోక కొస గుండ్రము. మామూలు గ్రద్దకు తోక చీలియుండును.

మొదట నేను తీసిన యేబది చిత్రములలోను నల్లని మచ్చయే కనబడినది. మా చిన్నది చూచి, “అమ్మా, కాకి నెందుకు తీసినావు?” అనెను. కారణ మిది: కెమేరా తన యెదుట నున్నదానినంతయు నడిమి వెలుగునకు దింపజూచును. ఆకాశము మిక్కిలి కాంతిగలది గనుక దానిని తగ్గించును. దానితో పక్షియు నల్లనగును. కావున మబ్బు దినమున, కెమేరా చూపినదానికంటె వెలుగును ఒకటి, ఒకటిన్నర మెట్లు పెంచవలెను. మితిమీరినచో తెల్లని తలపై ఈకల గీతలు మాసిపోవును. తీసిన వెంటనే తలను చూచుకొనుడు. ఱెక్కలు చెదరకుండుటకు షట్టరు వేగము సెకండులో 1600వ వంతైనను ఉండవలెను. అందుకు వెలుగు చాలనిచో ఐ.ఎస్.ఓ. పెంచుడు. చిత్రమున నూకవంటి గరుకుదనము కొంత వచ్చును గాని, చెదరిన చిత్రముకంటె నది మేలు.

మధ్యాహ్నమున ఎండ ఱెక్కల పైభాగముననే పడి, క్రింద నీడయగును. ఉదయమున సూర్యుని వీపున నుంచుకొని నిలిచినచో ఏటవాలు కిరణములు ఱెక్కల క్రిందికి దూరును. పక్షి చుట్లు తిరుగునప్పుడు ప్రతి చుట్టులోను ఒకమారు ఒఱిగి దేహమును ఎండకు చూపును. రెండు చుట్లు ఊరక చూచి, ఆ తావును గుర్తించి, మూడవ చుట్టున మీట నొక్కుడు.

ఇక నొక మాట సిగ్గుపడుచునే వ్రాయుచున్నాను. ఒక మాఘమాసమున మంచు వీడక, దూరపు చిత్రములు కుదరక, గూడున్న కొబ్బరిచెట్టు మొదటికి పోతిని. తల్లి గూడు విడిచి అఱచుచు నాపై తిరుగసాగెను. నేను తీసినవానిలో నెల్ల ఆ చిత్రమే బాగుగా వచ్చినది. మావారు చూచి మెచ్చుకొనక, “ఎంతసేపు గూడు విడిచియున్నది?” అని యడిగిరి. కాలుగంట. నాకు మాట రాలేదు. తల్లి లేని గూటిలో గ్రుడ్లు చల్లారును. పిల్లలున్నచో కాకుల పాలగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షిగూటిని కలతపెట్టుటను గూడ వేటగానే యెంచుచున్నదని వారే చెప్పిరి. ఆ చిత్రమును ఆ రాత్రియే తుడిచివైచితిని.

డిసెంబరునుండి ఏప్రిలువఱకు ఇవి సంసారము చేసికొను కాలము. ఆ నెలలలో చెట్లదగ్గఱకు పోవలదు. చేపలరేవున నిలిచితిమేని ఆహారమునకై అవియే వచ్చును. మీరు తీసిన చిత్రము నల్లగా వచ్చినను విచారింపకుడు. మఱునాడు మరల సూర్యు డుదయించును.