కోర్టు సినిమాలో మన మాట మనల్ని చెప్పనివ్వరా?

అన్నలారా! అక్కలారా! ఫస్ట్ షో లైన్లో నిలబడ్డ తమ్ముళ్లారా!

కోర్టు కామెడీ అంటే పడి చస్తాం. ప్లీడరు తడబడితే నవ్వుతాం, జడ్జి కసిరితే ఈలలేస్తాం. టికెట్ డబ్బులు మనవి. తెర మీది కష్టమూ మనదే! మరి మాట ఎవరిది?

2013లో 'జాలీ ఎల్‌ఎల్‌బీ' వచ్చింది. ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న కూలోళ్ల మీదికి పెద్దింటి కుర్రాడు కారెక్కించాడు. కథంతా ఆ కేసే. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు కొట్టింది. పేదోడి పక్షాన నిలబడింది, కాదనం. అందుకే ఇంత కోపం! చచ్చింది మనోళ్లు. వాదించేది వేరేవాళ్లు, తీర్పు చెప్పేదీ వేరేవాళ్లు. బతికినోడు కోర్టులో ఎంతసేపు మాట్లాడాడు?

2013, 2017, 2025. మూడు భాగాలొచ్చాయి. జాలీ అనే హీరో ప్లీడర్లు అర్షద్ వార్సీ, అక్షయ్ కుమార్. ఎదుటి ప్లీడర్లు బొమన్ ఇరానీ, అన్నూ కపూర్, రామ్ కపూర్. జడ్జి మూడింట్లోనూ సౌరభ్ శుక్లాయే. నటనకు వంక పెట్టలేం. కానీ ఆ కుర్చీలో ఒక్కసారైనా ఆడమనిషి కూర్చోకూడదా? మనవాళ్లు 2017లో 'సప్తగిరి ఎల్‌ఎల్‌బీ' తీశారు. ఇటు సప్తగిరి, అటు సాయికుమార్. ఊరు మారింది, వరస మారలేదు!

2021లో జస్టిస్ హిమా కోహ్లీ తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అదే ఏడాది ఆగస్టు 31న సుప్రీంకోర్టులో ముగ్గురు మహిళలు ఒకేరోజు జడ్జీలుగా ప్రమాణం చేశారు. సినిమావాళ్లకు ఈ కబురు ఇంకా అందలేదా?

మనింటి పిల్ల అప్పుచేసి లా చదివింది. నల్లకోటేసుకుని, ఫైలు పట్టుకుని కోర్టు వరండాలో నిలబడింది. వాయిదాకొచ్చిన పెద్దాయన అడిగాడు: "అమ్మా, ప్లీడరు గారెప్పుడొస్తారు?" ఆ పిల్లే ప్లీడరు! ఆయన్నేమంటాం? పుట్టి బుద్ధెరిగి ఆయన చూసిన ప్లీడర్లంతా తెర మీది మగాళ్లే.

ఇక జోకులు! నత్తి సాక్షి. శ్రీకాకుళం యాస బంట్రోతు. లావుపాటి నల్లటి ఆడమనిషి. హిజ్రా కనబడితే చాలు, వెకిలి మ్యూజిక్కు! హాల్లో రెండు నిమిషాల నవ్వు. మర్నాడు బడిలో నత్తి పిల్లాడికి అదే డైలాగు, పొద్దుగూకేదాకా. మాస్టారు పాఠం చదవమంటే వాడు లేచి నిలబడతాడు, నోరు విప్పడు. వాడు మన పిల్లాడు కాదా?

సాక్షాత్తు సుప్రీంకోర్టే చెప్పింది! 'ఆంఖ్ మిచోలీ' అనే కామెడీ సినిమా మీద వికలాంగుల హక్కుల కార్యకర్త నిపుణ్ మల్హోత్రా కోర్టుకెక్కారు. 2024 జులై 8న తీర్పొచ్చింది. వికలాంగుల్ని దిగజార్చే హాస్యం వేరు, వాళ్ల బతుకును అర్థం చేయించే హాస్యం వేరు అంది కోర్టు. కించపరిచే మాటలు వాడొద్దంది, వాళ్లను కలుపుకుని తీయమంది. కోర్టు సెట్టు వేసి డబ్బు చేసుకునేవాళ్లకు కోర్టు మాట పట్టదా?

సినిమావాళ్లూ, నవ్వించండి! మాతోపాటు నవ్వండి. మా యాసోళ్లకు బంట్రోతు వేషమే కాదు, జడ్జి వేషమూ ఇవ్వండి. బోనులో మా మనిషిని నిలబెడితే, మాట పూర్తయ్యేదాకా ఆగండి.

మనమేం చేద్దాం? అలాంటి జోకొస్తే నవ్వొద్దు. షో అయ్యాక "సినిమా ఎలా ఉంది?" అని మైకు పెడతారుగా, అక్కడే చెప్పండి, గట్టిగా! హైదరాబాద్ సెన్సార్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. మీ ఊరి యాసలోనే రాయండి. వీధికొకటి, బస్తీకొకటి పోవాలి!

చదివాక ఈ కాగితం పారేయొద్దు. పక్క సీటాయన చేతిలో పెట్టండి.

— మీ తోటి ప్రేక్షకులు