పంక్తిభేదమూ విదేశాంగ విధానమే

1955 ఆగస్టు. అమెరికాలో భారత రాయబారిగా ఉన్న గగన్‌విహారి లల్లూభాయ్ మెహతా టెక్సాస్‌లోని హ్యూస్టన్ విమానాశ్రయంలో దిగారు. వెంట ఆయన కార్యదర్శి ఉన్నారు. భోజనానికి అక్కడి రెస్టారెంట్‌లో కూర్చున్నారు. అది తెల్లవారు తినే హాలు, మీరు వేరే చోట కూర్చోవాలని వారిని లేపారు. నల్లవారినీ తెల్లవారినీ ఒకే చోట కూర్చోనివ్వని కట్టుబాటు దక్షిణాది రాష్ట్రాల్లో నడుస్తున్న రోజులవి. కబురు వాషింగ్టన్‌కూ ఢిల్లీకీ చేరింది. హ్యూస్టన్ మేయర్ క్షమాపణ చెప్పారు. అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫోస్టర్ డల్లెస్ స్వయంగా విచారం తెలిపారు.

డల్లెస్ అంతగా కలవరపడటానికి కారణం ఉంది. నాలుగు నెలల కిందటే బాండుంగ్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు సమావేశమయ్యాయి. ఆ దేశాలు సోవియట్ వైపు మొగ్గకూడదని అమెరికా శతవిధాలా ప్రయత్నిస్తోంది. ఆ ప్రయత్నమంతా ఒక భోజనాల హాలులో తలదించుకోవాల్సి వచ్చింది.

మన పెళ్లిళ్లలో పంక్తిభేదం చేస్తే పెద్దలు ఊరుకోరు. ఒకే వరుసలో కూర్చున్నవారిలో ఒకరి విస్తట్లో నెయ్యి ధారగా పోసి, పక్కవారికి చుక్క విదిలిస్తే ఆ మాట ఏళ్ల తరబడి చుట్టాల్లో నలుగుతుంది. దేశాల మధ్యా అంతే. ఒప్పందాలు, సంయుక్త ప్రకటనలు, ఎర్ర తివాచీలు కలిస్తే దౌత్యమని అనుకుంటాం. కానీ ఒక దేశం మామూలు రోజున, మామూలు మనిషిని ఎలా చూస్తుందన్నదే దాని విదేశాంగ విధానానికి పునాది. ఇది నా నమ్మకం. అమెరికా చరిత్ర ఆ నమ్మకానికి బలమైన సాక్ష్యం చెబుతుంది.

మర్యాదకూ రాజకీయానికీ ఉన్న ఈ లంకె ఆ దేశంలో మొదటినుంచీ ఉంది. 1803లో బ్రిటిష్ రాయబారి ఆంథొనీ మెర్రీ పూర్తి దర్బారు దుస్తుల్లో వెళితే అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ పాత చెప్పులతో ఎదురొచ్చారు. విందులో మెర్రీ భార్యను కాదని తన విదేశాంగ మంత్రి భార్య డాలీ మాడిసన్ చేయి పట్టుకుని భోజనాల బల్ల దగ్గరికి నడిచారు. ప్రజారాజ్యంలో హెచ్చుతగ్గుల వరసలుండవన్నది జెఫర్సన్ సిద్ధాంతం. మెర్రీకి అది తన రాజుకు జరిగిన అవమానంగా తోచింది. మరుసటి ఏడాది జెఫర్సన్ ప్రత్యర్థి ఆరన్ బర్ పశ్చిమ రాష్ట్రాలను చీల్చే ఆలోచనతో వస్తే, మెర్రీ సావధానంగా విని లండన్‌కు రాశారు.

అసలు పాఠం మాత్రం 40వ నంబరు రహదారి మీద ఉంది. 1960లో 16 ఆఫ్రికా దేశాలు ఐక్యరాజ్యసమితిలో చేరాయి. వాటి రాయబారులకు న్యూయార్క్, వాషింగ్టన్‌ల మధ్య తిరగడం నిత్యకృత్యం. దారి మేరీలాండ్ మీదుగా. ఆకలేసి ఆగితే రోడ్డు పక్క హోటళ్లలో కాఫీ కూడా పోసేవారు కారు. 1961 జూన్‌లో చాద్ రాయబారి ఆడమ్ మాలిక్ సౌకు అక్కడి ఒక హోటల్లో ఇదే అవమానం జరిగింది. ఒక రాయబారికి కాఫీ ఇవ్వని హోటలు గురించి కెన్నెడీ ప్రభుత్వం సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రభుత్వం మొదట వెతికిన పరిష్కారం గమనించదగ్గది. విదేశాంగ శాఖలో పెడ్రో సాన్‌హువాన్ నాయకత్వాన ఉన్న ఒక చిన్న విభాగం హోటళ్ల యజమానులను కలిసి నచ్చజెప్పడం మొదలుపెట్టింది. దౌత్యవేత్తలకైనా భోజనం పెట్టండన్నది సారాంశం. ఆ ‘అయినా’లోని అన్యాయాన్ని బాల్టిమోర్ ‘ఆఫ్రో-అమెరికన్’ పత్రిక విలేకరులు పట్టుకున్నారు. 1961 ఆగస్టులో ముగ్గురు నల్లజాతి విలేకరులు వేషం మార్చి, ‘గోబన్’ అనే లేని దేశపు ప్రముఖులమంటూ అదే రహదారి మీద బయల్దేరారు. స్థానిక నల్లవారికి తలుపు తెరవని హోటళ్లలో కొన్ని వీరికి మర్యాదగా వడ్డించాయి. అదే మనిషి, అదే రంగు. వేషం మారితే ఆతిథ్యం, మారకపోతే అవమానం.

అతిథికి వెండి పళ్లెం పెట్టి సొంత ఇంటివాణ్ని గడప బయట నిలబెడితే ఏ అతిథికీ ఆ ముద్ద దిగదు. ఇది తెలుసుకోవడానికి అమెరికాకు మరికొన్నేళ్లు పట్టింది. జాతి సమానత్వం కోసం పోరాడే కోర్ సంస్థ ఆ రహదారి మీద ఉద్యమానికి సిద్ధమయ్యాక పలు హోటళ్లు దిగివచ్చాయి. 1964 జులై 2న పౌరహక్కుల చట్టం వచ్చాక హోటల్లో రంగును బట్టి గెంటేయడం దేశమంతటా చట్టవిరుద్ధమైంది. ఈ విజయం నల్లజాతి ప్రజల త్యాగఫలం. కానీ లోపలి అన్యాయం బయట పరువు తీస్తోందన్న భయం కూడా ప్రభుత్వాన్ని కదిలించిందని చరిత్రకారిణి మేరీ డడ్జియాక్ వివరంగా చూపించారు.

మనకు ఈ కథతో రక్తబంధం ఉంది. 1946 చట్టం ప్రకారం భారతీయులకు అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి 100. పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాది, 1965 అక్టోబర్ 3న, జాతిని బట్టి కోటాలు కట్టే పద్ధతికి అధ్యక్షుడు జాన్సన్ స్వస్తి చెప్పారు. మన డాక్టర్లు, ఇంజనీర్లు దిగింది ఆ తలుపు తెరుచుకున్నాకే. 1976లో పిట్స్‌బర్గ్ కొండమీద వెంకన్న వెలిశాడు. 1977లో అక్కడి తెలుగువారి సంఘం తానా పుట్టింది. ఆ తరం ఇరుగుపొరుగుకు వైద్యం చేసింది, ఓటర్లయింది, తమ కాంగ్రెస్ సభ్యులకు ముఖపరిచయమైంది. భారత్, అమెరికాల పౌర అణు ఒప్పందానికి కాంగ్రెస్ మద్దతు కూడగట్టడంలో ప్రవాస భారతీయుల ఫోన్లు, ఉత్తరాలు, విందులు పనిచేశాయి. ఆ ఒప్పందాన్ని ఆమోదించే చట్టంపై 2008 అక్టోబర్‌లో బుష్ సంతకం పెట్టారు. అదే నెలలో హైదరాబాద్ పైగా ప్యాలెస్‌లో అమెరికన్ కాన్సులేట్ తెరుచుకుంది. అందుకే దౌత్యం రాయబార కార్యాలయాల గోడల మధ్యే జరుగుతుందంటే నేను ఒప్పుకోను.

ఈ బంధం ఎంత సుకుమారమైనదో 2023లో సియాటిల్ చూపించింది. ఆ జనవరిలో రోడ్డు దాటుతున్న తెలుగు విద్యార్థినిని పోలీసు కారు ఢీకొని చంపింది. ఆమె ప్రాణం విలువ కొద్దిపాటిదేనంటూ మరో పోలీసు అధికారి ఫోన్లో నవ్విన వీడియో సెప్టెంబర్‌లో బయటపడింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని మన కాన్సులేట్ దర్యాప్తు కోరింది. 2024 జులైలో ఆ అధికారి ఉద్యోగం పోయింది. ఒక నవ్వు, ఒక మాట. తెలుగు నేలమీద ఎన్ని ఇళ్లలో ఆ రాత్రి అన్నం సయించలేదో ఏ సంయుక్త ప్రకటనలోనూ రాయరు.

అదే సియాటిల్, 2023 ఫిబ్రవరిలో, కుల వివక్షను నిషేధించిన తొలి అమెరికన్ నగరమైంది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు అక్టోబర్‌లో గవర్నర్ దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ చట్టాల అవసరం మీద వాదించుకోవచ్చు. కానీ అమెరికాలో మన తెలుగువారి భోజనాల దగ్గర నేను కళ్లారా చూసింది చెప్పాలి. ఒక ఉగాదినాడు కొత్తగా వచ్చిన కుర్రాడు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. పులిహోర వడ్డిస్తూ ఒక పెద్దాయన ఆప్యాయంగానే అడిగారు: “ఏ ఊరు బాబూ? ఇంటిపేరేంటి?” చెప్పాడు. “అంటే... మీరు?” ఆ కుర్రాడు ఏదో గొణిగి, పళ్లెంతో గోడవారకు వెళ్లి ఒక్కడే కూర్చున్నాడు. ఎవరూ అతన్ని లేపలేదు. లేపాల్సిన అవసరం లేకుండానే పని జరిగిపోయింది.

పంక్తిభేదాన్ని పాపమన్న మన సమాజమే కొందరిని అసలు పంక్తిలోకే రానివ్వలేదు. ఆ అలవాటును విమానం ఎక్కించి తెచ్చుకుని, మా పిల్లలను సమానంగా చూడండని అమెరికాను అడిగితే మన గొంతులో బలమెక్కడిది? మన విద్యార్థుల భద్రత కోసం, గౌరవం కోసం ప్రభుత్వం వాషింగ్టన్‌తో గట్టిగా మాట్లాడాల్సిందే. మన సంఘాలు కూడా తమ వేదికల మీద, వంటశాలల్లో, పిల్లల సంబంధాల మాటల్లో ఆ గౌరవాన్ని పాటించాలి.

మెహతాను హాలులోంచి లేపినందుకు డెబ్బయ్యేళ్ల తర్వాత కూడా మనకు కోపం వస్తుంది. అది న్యాయమైన కోపం. వచ్చే ఉగాదికి పళ్లెంతో నిలబడే కుర్రాణ్ని ఇంటిపేరు అడక్కుండా మన పక్కన కూర్చోబెట్టుకుందాం. ఆ కోపానికి అర్థం అక్కడుంది.