అర తులం గుండు

పోయినేడు నవంబరులో టెక్సాస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. జింకల వేటకు బయల్దేరుతూ పొరుగాయన 243 రైఫిల్ గుళ్లు రెండు నా అరచేతిలో పెట్టాడు. ఒకటి 55 గ్రెయిన్లు, రెండోది 100. మన తులం 180 గ్రెయిన్లు కదా, బరువైనదే అర తులం పైచిలుకు!

“తేలికది వేగంగా పోతుంది, భుజాన్ని తక్కువ తన్నుతుంది. కానీ అది నక్కల్లాంటి చిన్న జంతువులకు చేసినది. జింక ఒంట్లో లోతుకు దిగకముందే చిట్లిపోవచ్చు. పాపం, గాయంతో పరుగెత్తి ఏ పొదలోనో చస్తుంది” అన్నాడు.

నాకు బరంపురంలోని మా తాతయ్య గుర్తొచ్చారు. వేటను కట్టడి చేసిన 1972 చట్టం రాకమునుపు, ఓసారి ఆయన కొట్టిన దుప్పి గాయంతో తప్పించుకుంది. నెత్తుటి జాడ పట్టుకుని చీకటిపడేదాకా వెతికారట. దొరకలేదు. ఆ వారమే తుపాకీ అమ్మేశారు.

పొరుగాయన విని, ఏమీ అనకుండా 100 గ్రెయిన్ల పెట్టె తీసుకుని వెళ్లాడు.