డిజైన్ చదువు – ఇంటి లెక్క

ఘట్‌కేసర్ నుంచి ఒక సోదరి వ్రాశారు: "అమ్మాయి డిజైన్ డిగ్రీ చదువుతానని పట్టు పట్టింది. నాలుగేళ్లకు పది లక్షలవుతుందట. దాని పెండ్లికని కొన్న స్థలం తప్ప మాకు వేరే ఆధారం లేదు. బొమ్మలు వేయటానికి ఇంత డబ్బా అంటున్నారు మా వారు. స్థలం అమ్మవచ్చునా?"

ముందు మీ వారికి జవాబు. డిజైన్ అంటే బొమ్మలు వేయటం మాత్రమే కాదు. 1958లో మన ప్రభుత్వానికిచ్చిన నివేదికలో ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు ఎంతగానో మెచ్చుకొన్నది మన యింటి చెంబుని! ఎన్ని నీళ్లు పట్టాలి, చేతిలో ఎట్లా అమరాలి, వంచితే ధార ఎట్లా పడాలి – ఇవన్నీ ఆలోచించటమే డిజైన్. ఆ నివేదిక తరువాత 1961లో అహమదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది.

ఇక ఖర్చు. ఫీజొక్కటే చూడకండి. కంప్యూటరు, రంగులు, గుడ్డ, చెక్క, పర్యటనలు, హాస్టలు కూడా కలపండి. 1995లో మొదలై, ఇప్పుడు మాధాపూర్‌లో వున్న నిఫ్ట్‌లో సీటు వస్తే, ఉప్పల్ దాకా బస్సు, అక్కడినుంచి మెట్రో రైలు వున్నాయి. రోజూ తిరగటం అలసటే గాని హాస్టలు ఖర్చు మిగులుతుంది. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో లలితకళలు, డిజైన్ చదువులున్నాయి. ఈ రెండింటి ప్రవేశ పరీక్షలూ వ్రాయించండి.

అప్పు చేస్తారా? ఏటా రెండున్నర లక్షల చొప్పున, నూటికి 10 వడ్డీతో తీసుకొన్నారనుకోండి. చదువు ముగిసి మరో యేడాదికి వాయిదాలు మొదలయ్యేసరికి, బారువడ్డీయే మూడున్నర లక్షలవుతుంది. పదమూడున్నర లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 17,800 రూపాయలు కట్టాలి. కుటుంబ ఆదాయం 8 లక్షలకు లోబడి, ప్రభుత్వం ఎంపిక చేసిన సంస్థలో సీటు వస్తే, 2024లో ఆమోదించిన విద్యాలక్ష్మి పథకం కింద 3 శాతం వడ్డీ రాయితీకి వీలున్నది.

ఇంత డబ్బుకు విలువ వుందా అన్నది భవనాలను చూసి తేల్చకండి. ఇచ్చేది విశ్వవిద్యాలయ డిగ్రీయా, వట్టి సర్టిఫికెట్టా? మగ్గాలు, వడ్రంగి పనిముట్లు పిల్లల చేతికి ఇస్తారా? మూడేళ్ల క్రితం చదివి వెళ్లినవారు ఇప్పుడేం చేస్తున్నారు? ఈ మూడూ అడగండి. మూడవదానికి సరిగా జవాబు చెప్పలేని కాలేజీ కోసం గజం స్థలం కూడా అమ్మవద్దు.

మంచిచోట సీటు వస్తే మాత్రం, పెండ్లికని వుంచిన స్థలం చదువుకు వాడటంలో తప్పు లేదనే నేనంటాను. అమ్మాయి నెత్తిన నెలకు పదిహేడు వేల బరువు లేకుండా బ్రతుకు మొదలుపెట్టటం చిన్న విషయం కాదు. బేరం పెట్టేముందు మాత్రం ఆమెను వెంటబెట్టుకొని, ఆఖరి సంవత్సరం పిల్లల పనుల ప్రదర్శన చూచి రండి. మీ వారిని కూడా తప్పక తీసుకువెళ్లండి.